మాటలు: వదినగారు

కుట్టు మిషను పక్కనుంచి,
సోమవారం పొద్దున.

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మాయి గొడుగు మర్చిపోయి ఆఫీసుకి బయల్దేరితే, మా అబ్బాయి అది పట్టుకుని బస్సు వెనకాల పరిగెత్తాడు. ఇలాంటి అల్లుడు దొరకడం మీ అదృష్టమని నేను అనకూడదు, మీరే అనాలి. మీరు ఎలాగూ అనరు కాబట్టి గుర్తు చేస్తున్నాను.

ఇక అసలు సంగతి. పోయినసారి మా ఇంటికి వచ్చినప్పుడు మీరు నాకొక పని అప్పజెప్పారు. ఆదివారం సాయంత్రం వచ్చే "రెండో గంట" సీరియల్లో బొమ్మ కనిపిస్తోంది గాని మాట వినపడటం లేదు, ఎవరు ఏమన్నారో ఉత్తరంలో రాయండి అన్నారు. ఫోనులో చెబుదామంటే మీకు వినపడదు. ముఖం చూపించే ఫోనులో మాట్లాడదామంటే, నా నుదురు తప్ప ఏమీ కనిపించడం లేదని పెట్టేశారు. కాబట్టి కలం పట్టాను. నాకు మాట్లాడటమంటే ఎంత ఇష్టమో మీకు తెలుసు. ఇంకా చెప్పండి అని ఒక మనిషి నన్ను అడగటం మాత్రం ఇదే మొదటిసారి.

నిన్నటి కథ. ఆ బళ్ళో ఆడపిల్లల బాత్రూముకి తాళం వేసి ఉంటుంది కదా, తాళంచెవి హెడ్మాస్టరు జేబులో. ఎందుకయ్యా అంటే, తనిఖీకి వచ్చేవాళ్ళకి శుభ్రంగా చూపించాలట. పిల్లలు వాడితే మురికైపోతుందట. దాంతో ఆడపిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా కూచుంటున్నారు. ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది, అది మీరు చూసే ఉంటారు. అప్పుడు లెక్కల టీచరమ్మ హెడ్మాస్టరుతో ఏమందంటే, "సార్, మీరు తాళం వేసింది బాత్రూముకి కాదు, వీళ్ళ నీళ్ళ సీసాలకి" అంది. గంట కొట్టే సుత్తితో తాళం బద్దలుకొట్టింది. ఆ సుత్తి తెచ్చి చేతిలో పెట్టిన ప్యూను గోడవైపు తిరిగి నిలబడి "నేను సున్నం చూస్తున్నాను సార్" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ హడావుడిలో ఒక యూనిఫాం చొక్కాకి జేబు వీపు మీద కుట్టేశాను.

మన పిల్లలిద్దరూ కొనిచ్చిన చెవి మిషన్లు ఏమయ్యాయి? ఇంకా డబ్బాలోనే ఉన్నాయా? ఎదురుగా కూచుని మాట్లాడితే మీరు ఎంచక్కా జవాబిస్తారు, వెనకనుంచి పిలిస్తే మాత్రం పలకరు. అది చెవుడు కాదు, పొగరు అని మీ అమ్మాయి అంది. నేను అనలేదు.

మన మనవరాలు వసపిట్ట బాగానే ఉంది. అయిదో తరగతి పుస్తకాలకి అట్టలు వేసుకుంటోంది.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు.


మిల్లు క్వార్టర్లు,
మెట్ల మీద ఎండలో.

వదినా,

ఉత్తరం అందింది. సీరియల్ వచ్చేది అరగంట. మీ ఉత్తరం చదవడానికి అరపూట పట్టింది. అయినా బాగుంది. ప్యూను సంగతి మరీ బాగుంది. ఆ బడిని నడుపుతున్నది అతనే అని నా అనుమానం.

మిషన్లు డబ్బాలో సుఖంగా ఉన్నాయి. ఒకసారి పెట్టుకున్నాను. గరిటె జారి గిన్నెలో పడితే గుండెలో పడ్డట్టయింది. తీసి అక్కడే పెట్టేశాను. మిల్లులో మగ్గాల మధ్య బతుకంతా చప్పుడు తిన్నదాన్ని. ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉంది. పైగా అవి తగిలించుకుని వీధిలోకి వెళితే అందరూ "పాపం" అంటారు. ఆ మాట నాకు పడదు. వినపడినా పడదు, వినపడకపోయినా పడదు.

ఎదురింటావిడ ఇంకో చానెల్లో ఇంకో బడి సీరియల్ వస్తోంది చూడమంది. అది డబ్బింగు. డబ్బింగువి నేను చూడను. పెదవులది ఒకదారి, మాటది ఒకదారి. కళ్ళు నొప్పులు పుడతాయి.

అల్లుడు మంచివాడే. గొడుగు ఇచ్చాక తను తడిశాడా లేదా రాయలేదు. జలుబు చేస్తే మా అమ్మాయిని అనేరు.

వసపిట్ట మీరు పంపే పండగ కార్డుల అడుగున ఎప్పుడూ నాలుగు ముక్కలు గీకేది. నా బొమ్మ అని ఒక గుమ్మడికాయ వేసేది. ఈసారి ఏమీ లేదు. ఆ పిల్ల నోరు మూసుకుందంటే ఎక్కడో ఏదో తేడా వచ్చిందన్నమాట. ఒంట్లో బాగానే ఉందా?

ఇట్లు,
మీ అబ్బాయి అత్తగారు.


వంటింటి గట్టు మీంచి,
పాలు పొంగేలోపు.

వదినగారికి,

మా అబ్బాయి తడవలేదు, జలుబూ లేదు, మీ అమ్మాయిని అనే అవకాశం చేజారిపోయింది.

వసపిట్టకి చదువు ఎక్కువైంది, అంతే. రాయమంటే రేపు అంది. మీరు దిగులు పెట్టుకోకండి.

ఈ వారం కథ చూశారుగా. ఒక పిల్లాడు మెట్ల మీద ఒంటరిగా కూచుని తింటాడు. వాళ్ళ నాన్న మురుగుకాలవలు శుభ్రం చేస్తాడు. అందుకని క్లాసులో ఎవడూ వాడి పక్కన కూచోడు. ఒకడు ముక్కు మూసుకుంటాడు, ఇంకొకడు వాడు కూచున్న బెంచీ తుడుస్తాడు. పుస్తకాలు ఇచ్చేటప్పుడు వాడిది కింద పెడతాడు మానిటరు. ఇవన్నీ చూస్తుంటే ఒళ్ళు మండిపోయింది నాకు. టీచరమ్మ వచ్చి వాడి పక్కనే మెట్టు మీద కూచుని తన డబ్బా తెరిచింది. "మీ నాన్న ఒక్క వారం పని మానేస్తే ఊళ్ళో అందరూ ముక్కులు మూసుకోవాలి. వీళ్ళు ఇప్పట్నుంచీ సాధన చేస్తున్నారు" అంది. పిల్లాడు నవ్వాడు. వాడికి పన్ను ఊడిందని అప్పుడే తెలిసింది.

తరవాత క్లాసులోకి వచ్చి, అందరి వైపూ తిరిగి ఇలా అంది. "పిల్లలూ, మనుషులు సిగ్గుపడాల్సినవాటికి సిగ్గుపడరు, అక్కర్లేనివాటికి పడతారు. ఉదాహరణకి చెవి మిషను. కళ్ళకి అద్దాలు పెట్టుకుని దర్జాగా తిరిగేవాళ్ళు, చెవికి మిషను పెట్టుకోవాలంటే నామోషీ పడతారు. ముఖ్యంగా మిల్లుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళు."

సందర్భం ఏమిటని నన్నడక్కండి. లెక్కల టీచర్లకి కాస్త తిక్క ఉంటుంది. విన్నది విన్నట్టు రాయడం నా ధర్మం, రాశాను.

పాలు పొంగిపోయాయి. తప్పు టీచరమ్మది.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు.


మిల్లు క్వార్టర్లు,
మెట్ల మీదే. ఎండ లేదు.

వదినా,

టీచరమ్మ ఈ వారం చాలా మాట్లాడింది. మిల్లుల్లో రిటైరైనవాళ్ళ సంగతి బడిపిల్లలకి ఎందుకో నాకు అర్థం కాలేదు. సిలబస్ మారిందేమో. ఇంకో విచిత్రం, అంత పొడుగు ఉపన్యాసం ఇచ్చినా ఆవిడ పెదవులు రెండుసార్లు కదిలి ఊరుకున్నాయి. గొప్ప నటి అయి ఉండాలి.

ముక్కు మూసుకున్న కుర్రాడి చెవి మెలిపెట్టాలని నాకూ చెయ్యి దురద పెట్టింది. మా షెడ్డులోనూ ఉండేవాళ్ళు అలాంటివాళ్ళు. ఊడ్చే మనిషి తాగిన గ్లాసు వేరే మేకుకి తగిలించేవాళ్ళు. ఒకరోజు నేను అన్ని గ్లాసులూ ఆ మేకుకే తగిలించాను. ఏది ఎవరిదో తేలక పెద్ద గొడవైంది. తరవాత అందరూ దోసిట్లో పట్టి తాగారు.

మా అమ్మాయి ఫొటో పంపింది. పుట్టినరోజు గౌనులో వసపిట్ట. గౌను బాగుంది, మీరు కుట్టిందే అని కుట్టు చూసి చెప్పగలను. కానీ జుట్టు విరబోసుకుని ఉంది. రెండు జడలు బిగించి రిబ్బన్లు కట్టందే గుమ్మం దాటని పిల్ల. పైగా కెమెరాని చూడటం లేదు. ఏమైంది వదినా? ఈసారి చదువు అని చెప్పకండి.

ఇట్లు,
మీ అబ్బాయి అత్తగారు.


వరండాలోంచి,
గుండీలు కుడుతూ.

వదినగారికి,

ఇంట్లో అందరూ క్షేమం. జుట్టు సంగతి అడిగారు. ఇప్పుడదే ఫ్యాషనట. జడలు చిన్నపిల్లలకట. అయిదో తరగతికి వచ్చాక ఇంకా చిన్నపిల్ల ఏమిటి, రేపోమాపో కీళ్ళనొప్పులు కూడా వస్తాయి. మీరు ప్రతిదీ భూతద్దం పెట్టి చూడకండి.

ఈ వారం సీరియల్ మాత్రం తప్పకుండా మీరు తెలుసుకోవలసింది. చాలా ముఖ్యమైన ఘట్టం. అందుకే వివరంగా రాస్తున్నాను.

చివరి బెంచీలో కొత్తపిల్ల వచ్చింది చూశారా? చంకలో చంటివాణ్ణి ఎత్తుకుని ఉంటుంది. వాడు ఆ పిల్ల తమ్ముడు. వాడికి కథలో ఏ పనీ లేదు, ఊరికే ఎత్తుకుంది. వాణ్ణి మీరు పట్టించుకోకండి. అసలు సంగతి ఏమిటంటే ఆ పిల్లకి చెవులు సరిగ్గా వినపడవు. డాక్టరు మిషన్లు ఇచ్చాడు. బడికి పెట్టుకుని వెళితే పిల్లలు చెవి దగ్గర నోరు పెట్టి "హలో, హలో, మైక్ టెస్టింగ్" అంటారట. దాంతో వాటిని తీసేసి జామెట్రీ పెట్టెలో దాస్తోంది. ఇంట్లో పెట్టుకోమంటే జుట్టు విరబోసుకుని కప్పేస్తోంది. అన్నిటికంటే ఘోరం, మాట్లాడటం మానేసింది. ఇంతకుముందు నిద్రలో కూడా కబుర్లు చెప్పే పిల్లట. ఇప్పుడు ఏమడిగినా భుజాలు ఎగరేసి ఊరుకుంటుంది. క్లాసులో టీచరు పిలిచినా పలకదు, వినపడక.

టీచరమ్మ పక్కన కూచుని బతిమాలితే ఆ పిల్ల ఏమందో తెలుసా. "మా అమ్మమ్మకీ వినపడదు. తను డబ్బాలో పెట్టేసింది. సిగ్గుపడేదే కాకపోతే అమ్మమ్మ ఎందుకు దాస్తుంది?" అంది.

అక్కడితో ఈ వారం కథ అయిపోయింది.

చంటివాడు మధ్యలో ఏడ్చినట్టు మీకు కనిపించి ఉంటుంది. పళ్ళు వస్తున్నాయి కాబోలు.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు.


మిల్లు క్వార్టర్లు,
తలుపేసుకుని, మంచం మీద.

వదినా,

చేతిలో సూది ఉంటే పక్కన పెట్టండి.

మా మగ్గాల షెడ్డులో అడుగు దూరంలో ఉన్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడ ఎవరమూ అరిచేవాళ్ళం కాదు. పెదవులు చూసి మాట్లాడుకునేవాళ్ళం. చేరిన ఏడాదిలోపు ఎవరికైనా అబ్బుతుంది. షెడ్డు ఈ చివర నిలబడి ఆ చివర మేస్త్రీని తిట్టుకునేవాళ్ళం, మేస్త్రీకి తప్ప అందరికీ తెలిసేది. ఎవరి ఇంట్లో ఏం గొడవో, ఎవరి పిల్ల ఎవరితో తిరుగుతోందో, అన్నీ అలాగే చదివాను. చెవులు పోయాయిగాని ఆ చదువు పోలేదు. మీరు ఎదురుగా కూచుంటే నేను ఎంచక్కా జవాబిచ్చేది అందుకే. వెనకనుంచి పిలిస్తే పలకనిదీ అందుకే.

టీవీలో బొమ్మ ఇంత పెద్దగా, ముఖం మీద ముఖం పెట్టి చూపిస్తారు. "రెండో గంట"లో ఒక్క మాట కూడా నాకు పోలేదు. మరి ఉత్తరాలు రాయమని ఎందుకు అడిగానంటే, ఫోను పనికిరాకపోయాక మీ ఇంటి కబుర్లు నాకు రావడం మానేశాయి. కబుర్లు రాయండి అని అడగటానికి నాకు మొహమాటం. సీరియల్ వంక పెట్టాను.

ఇప్పుడు మీ సంగతి. ప్యూను సున్నం చూస్తున్నాననడం నిజం. మెట్ల మీద టీచరమ్మ అన్న మాట నిజం. క్లాసువైపు తిరిగి ఆవిడ అన్నది "గంట కొట్టారు, లేవండి" అని. అంతే. మిల్లు రిటైరైనవాళ్ళ ఉపన్యాసం మీది. చదివి కడుపుబ్బ నవ్వుకున్నాను. సీరియల్ మొదట్లో పేర్లు వేస్తారు కదా, కథ ఫలానా, మాటలు ఫలానా అని. మాటలు: వదినగారు అని వెయ్యాలి.

కొత్తపిల్ల టీచరమ్మతో అన్నది ఇది. "తమ్ముణ్ణి కింద పెడితే ఏడుస్తాడు టీచర్. అమ్మ పనికి వెళ్ళింది. వీణ్ణి ఎత్తుకునే రాసుకుంటాను, పంపించెయ్యకండి." తమ్ముడికి కథలో పని లేదని రాశారు మీరు. కథంతా వాడే.

ఆ పిల్లకి చెవులు బాగానే ఉన్నాయి. జామెట్రీ పెట్టె లేదు. అమ్మమ్మ లేదు. మీరు కథలు అల్లగలరు, ఒప్పుకుంటాను. కానీ అమ్మమ్మ డబ్బాలో పెట్టేసిందన్న మాట మీరు అల్లింది కాదు. అది ఎవరో పిల్ల అన్న మాట. ఆ ఉత్తరంలో మీరు విన్నది విన్నట్టు రాసింది అదొక్కటే.

అడుగుతున్నాను వదినా. మన వసపిట్ట జుట్టు కింద ఏముంది?

ఇట్లు,
మీ అబ్బాయి అత్తగారు.


కుట్టు మిషను పక్కనుంచి,
ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

వదినగారికి,

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. దొరికాను. మీ ముందు కూచుని ఇన్నేళ్ళుగా నేను గొణుక్కున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి చెమటలు పట్టాయి. మీ కాఫీ గురించి ఒకసారి మా అబ్బాయితో గుసగుసగా అన్నమాట కూడా చదివేశారన్నమాట. సరే, దాని సంగతి తరవాత.

జుట్టు కింద మిషన్లు ఉన్నాయి. ఉండాలి, కానీ ఉండవు. జామెట్రీ పెట్టెలో ఉంటాయి.

బళ్ళో టీచరే ముందు కనిపెట్టింది. వెనకనుంచి పిలిస్తే పిల్ల పలకడం లేదని. పొగరనుకుని గోడవైపు నిలబెట్టిందట కూడా, తరవాత పాపం తనే ఏడ్చింది. డాక్టరు చూసి, వినికిడి సగానికి సగం తగ్గింది, మిషన్లు పెట్టుకుంటే చదువుకి ఏ లోటూ ఉండదు, పెట్టుకోకపోతే వెనకబడిపోతుంది అన్నాడు. మీ కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడిగాడు. "మా అమ్మకి" అని మీ అమ్మాయి ఆ కుర్చీలోనే ఏడ్చేసింది. నా వల్లే వచ్చిందని అమ్మ కుమిలిపోతుంది, తనకి చెప్పొద్దు అని మా అందరి చేతా మాట తీసుకుంది. నేను మాట ఇచ్చాను. అందుకని చెప్పలేదు. టీచరమ్మ చేత చెప్పించాను.

మిగతాదంతా నేను రాసినట్టే. మైక్ టెస్టింగ్ అనడం నిజం. మాట్లాడటం మానేసిందీ నిజం. నేను దాని పక్కన కూచుని బతిమాలాను, దానికి అది ఇచ్చిన జవాబే మీకు పంపాను. వదినగారూ, మన వసపిట్ట ఉన్న ఇంట్లో నా కుట్టు మిషను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఇదివరకు నోరు మూసుకోవే అని రోజూ అరిచేదాన్ని. ఇప్పుడు ఎవరైనా నన్ను విసిగిస్తే బాగుండునని ఉంది. భయంగా ఉంది నాకు. నవ్వులాటగా రాశానుగాని, ఆ ఉత్తరాలన్నీ భయంతోనే రాశాను.

మీరు ఎన్ని మాటలన్నా పడతాను. దాని కోసం ఆ డబ్బా ఒక్కసారి తెరవండి.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు.


మిల్లు క్వార్టర్లు,
కిటికీ దగ్గర.

వదినా,

ముందు మా అమ్మాయికి చెప్పండి. నా చెవులు పుట్టినప్పుడు బంగారంలా ఉన్నాయి. మగ్గాలు తినేశాయి. మా షెడ్డులో పనిచేసిన ఎవరిని పిలిచినా ఇదే కథ. మగ్గం చప్పుడు రక్తంలో పారదు. డాక్టరుకి కూడా ఈ ముక్క చెప్పమనండి. ఒకవేళ నా పోలికే అనుకుందాం, అయితే ఏమిటట? నా పోలిక వచ్చినవాళ్ళు ఎవరూ చెడిపోలేదు. నా దగ్గర దాచినందుకు మీ అందరి మీదా కోపంగా ఉంది. అది వచ్చి తీర్చుకుంటాను.

డబ్బా తెరిచాను. రెండు చెవులకీ పెట్టుకున్నాను. మూడు రోజులుగా తియ్యలేదు. నా చెప్పులు చప్పుడు చేస్తాయని నాకు తెలియదు. నేను తింటుంటే నాకే వినపడుతోంది, అసహ్యంగా ఉంది. గోడ అవతల వాటాలో ఉండే ఎదురింటావిడ తమ్ముడు పొద్దున్నే పాడతాడు. ఇన్నేళ్ళుగా పాడుతున్నాడట. నా ప్రశాంతత అంతా అతని పాట వినపడకపోవడమే అని తేలింది. వీధిలోకి వెళ్ళాను. ఇద్దరు పాపం అన్నారు. ఒకావిడ ఎక్కడ కొన్నారు, మా అమ్మకి కావాలి అంది. నేను చచ్చిపోలేదు.

ఆదివారం సీరియల్ విన్నాను. హెడ్మాస్టరుది ఇంత పీలగొంతా? పులిలాంటి మనిషి అనుకున్నాను. ప్యూను గొంతు బాగుంది. మాట మొదలైతే చాలు వెనకాల వాయింపు, మాట మింగేస్తోంది. మీరు రాసిందే నయం.

నాకు పెదవులు చాలు అనుకుంటూ వచ్చాను వదినా. నావైపు తిరిగిన ముఖాలే చదవగలనని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ పిల్ల ముఖం జుట్టు వెనక దాచుకుంటే నేను ఏం చదవను? మిషన్లు డబ్బాలో పెట్టి, అది కుమిలిపోవడానికి నేనే దారి చూపించాను.

శుక్రవారం బస్సుకి వస్తున్నాను. వసపిట్టకి ఒక మాట చెప్పండి. అమ్మమ్మ జుట్టు పలచబడింది, అయినా రెండు జడలు వస్తాయి. అది వెయ్యాలి. చెవులు రెండూ బయటికి కనపడేలా, బిగించి. రిబ్బన్లు ఎర్రవి. సోమవారం దాన్ని బడికి నేనే దిగబెడతాను, ఆ జడలతోనే. నాకు తోడుగా దాని చెవులు కూడా బయట ఉండాలి. ఒంటరిగా అంత అందంగా కనిపించడం నాకు సిగ్గు.

కాఫీ సంగతి చదివాను. అప్పట్నుంచే మీకు పంచదార తగ్గించి ఇస్తున్నాను.

ఇట్లు,
మీ అబ్బాయి అత్తగారు.


టీవీ ఎదురుగుండా,
ఆదివారం సాయంత్రం.

వదినగారికి నమస్కారాలు.

మీరు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది అని రాద్దామనుకున్నాను, కానీ అబద్ధాలు మానేశాను కదా. ఇల్లు గోలగోలగా ఉంది.

బడి గేటు దగ్గర సంగతి వీధంతా ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. నెరిసిన జుట్టుకి రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, చెవులకి మిషన్లు, చేతిలో మనవరాలి సంచీ. నేను నవ్వు ఆపుకోలేక గోడ పక్కకి వెళ్ళాను, మీరు చూసే ఉంటారు. ఆ మైక్ టెస్టింగ్ కుర్రాళ్ళిద్దరూ మైదానం ఆ చివర నిలబడి ఏదో గుసగుసలాడుకుంటే, మీరు ఈ చివరనుంచి "రిబ్బన్లు నాకు బాగానే ఉన్నాయిగాని, ముందు నీ లెక్కల హోంవర్కు ఎవరిది చూసి రాస్తావో అది చూసుకో" అన్నారు. ఒకడి చేతిలో పుస్తకం జారి కిందపడింది. అప్పుడు వసపిట్ట నవ్వింది. పైకి, గట్టిగా. నేను ఆ నవ్వు విని ఎన్ని నెలలైందో మీకు తెలియదు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను.

మీరు ఆ పది రోజులూ దానికి నేర్పిన చదువు బడంతా పాకింది. అందరూ దాని బెంచీ చుట్టూ చేరి పెదవులు చదవడం నేర్పమంటున్నారట. మైక్ టెస్టింగ్ కుర్రాడు మొదటి వరసలో ఉన్నాడు. క్లాసులో ఎవరూ నోరు విప్పడం లేదు, పెదవులాడించుకుంటున్నారు. నిన్న టీచరు కబురు పెట్టింది. దండిస్తుందేమోనని భయపడుతూ వెళ్ళాను. స్టాఫ్ రూములో టీచర్లందరూ హాజరు పుస్తకాలు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఏమిటమ్మా అంటే, పరీక్ష ప్రశ్నలు బయటికి పోతున్నాయండీ అంది. మిషన్లు పెట్టుకుంటోందా అని అడిగాను. తియ్యడం లేదంది.

మీ అమ్మాయి ఈ మధ్య పాటలు కూడా పాడుకుంటోంది. మీ గోడ అవతలాయన ఎంతో నయం.

ఇప్పుడు అసలు ఫిర్యాదు రాస్తాను, మీరే తీర్పు చెప్పాలి. ఇందాక "రెండో గంట" మొదలవగానే వసపిట్ట వచ్చి టీవీ గొంతు పూర్తిగా నొక్కేసింది. "నానమ్మా, నువ్వు ఊరికే కూచో, ఎవరు ఏమంటున్నారో నేను చదివి చెబుతా" అంది. సరే అన్నాను. మొదట బాగానే చెప్పింది. కొత్తపిల్ల తమ్ముడి కోసం టీచరమ్మ క్లాసు వెనక ఉయ్యాల కట్టించిందట. తరవాత హెడ్మాస్టరు మేజా ముందు నిలబడి రెండు ముక్కలు అన్నాడు. ఇది మాత్రం ఏకబిగిన చదివింది. "పిల్లలూ, నానమ్మలందరూ ప్రతి ఆదివారం మనవరాళ్ళకి ఐస్‌క్రీం కొనిపెట్టాలి. ముఖ్యంగా యూనిఫాంలు కుట్టే నానమ్మలు." సందర్భం ఏమిటే అని అడిగితే, హెడ్మాస్టర్లకి కాస్త తిక్క ఉంటుంది నానమ్మా అంది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది ఎవరి పోలిక అని అడిగితే చెబుతాను. ఇది మాత్రం మీ వైపుది కాదు.

చెప్పులేసుకుంటున్నాను. ఐస్‌క్రీం బండి వీధి చివరిదాకా వెళ్ళిపోయింది.

ఇట్లు,
మీ అమ్మాయి అత్తగారు.

అమ్మమ్మా, హెడ్మాస్టరు నిజంగానే అన్నాడు. నేను చదివింది చదివినట్టు చెప్పాను. కింద ఉన్నది నీ బొమ్మ. గుమ్మడికాయకి ఈసారి రెండు జడలు, రెండు మిషన్లు పెట్టాను.
వసపిట్ట.